భవానీపూర్‌లో ఒక వ్రాతబల్ల

 



చరిత్ర అధ్యాపకుడు వేదిక ఎక్కితే అశోకుని గురించో, ఆచార్య నాగార్జునుని గురించో మాట్లాడుతాడని సభ ఎదురుచూస్తుంది. నిర్వాహకులు కూడా మొదట అదే కోరారు. అయినా మేము ఈ సాయంకాలం ఒక వ్రాతబల్లను గురించి చెప్పదలచాము. వడ్రంగం బొత్తిగా ఎరుగని ఇద్దరు మనుషులు కలకత్తా మహానగరంలో ఒక అద్దె ఇంటి డాబాపై పది నెలలు తంటాలు పడి చేసిన బల్ల అది. మేము అనడం ఇక్కడ సభామర్యాద కొరకు కాదు. ఆ పనిలో మా జీవన సహచరి చేయి సగానికి పైగా ఉన్నది.

ఆమెకు ఉద్యోగరీత్యా కలకత్తాకు బదిలీ అయినప్పుడు కళాశాలకు దీర్ఘకాలిక సెలవు పెట్టి మేమూ వెళ్ళాము. భవానీపూర్‌లో జదుబాబు బజారుకు దగ్గరలో రెండు గదుల వాటా దొరికింది. పుస్తకాలు నేలపైనే, వ్రాత నేలపైనే. బహుబజారులోని సామానుల దుకాణాలకు వెళ్ళి, బల్లల ధరలు విని వెనుదిరిగాము. అప్పుడు ఆమె, "మనమే చేసుకుంటే?" అన్నది. మేము నవ్వలేకపోయాము. కారణం చెప్పాలి.

మా పల్లెలో వడ్రంగి పాక ఊరి నడిబొడ్డున ఉండేది. నాగలి బాగుచేయించుకోవడానికి వెళ్ళిన మా తండ్రిగారు పాక బయట ఎండలో నిలబడేవారు. ఎనిమిదేళ్ళ వయసులో ఒకసారి ఆయన వెంట వెళ్ళి, నేలపై మెరుస్తున్న ఉలిని చేతిలోకి తీసుకున్నాము. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. వడ్రంగి ఆ ఉలిపై చెంబెడు నీళ్ళు పోసి, తుడిచి, మళ్ళీ పనిలో పడ్డాడు. అంతే. తిరుగుదారిలో తండ్రిగారు ఒక్క మాట మాట్లాడలేదు. ఆ వడ్రంగిని ఇప్పుడు నిందించే ఉద్దేశం మాకు లేదు. ఆ ఉలి ఆయన చేతికీ పుట్టుకతోనే వచ్చింది, వద్దనే వీలు లేకుండా. కులం శ్రమను విభజించడంతో ఆగక శ్రామికులనే విభజించిందని బాబాసాహెబు 1936లో ‘కుల నిర్మూలన’లో చూపినది మా మట్టుకు ఆ చెంబెడు నీళ్ళలో కనిపిస్తుంది.

నలభై దాటిన తరువాత భవానీపూర్‌లోని ఒక ఇనుప సామాను దుకాణంలో మా మొదటి ఉలి కొన్నాము. దుకాణదారు అడిగింది ఒక్కటే: అర అంగుళమా, ముప్పావు అంగుళమా?

కొన్న ఉలి కోయదని ఇంటికి వచ్చాక తెలిసింది. దుకాణం నుండి వచ్చే ఉలికి ఆకారమే ఉంటుంది, పదును మనమే పెట్టుకోవాలి. మూడు ఆదివారాలు సానరాయి తడుపుతూ ఉలిని నూరడంతోనే గడిచాయి. తరువాత చిత్రిక. కర్రలో నార వాలు ఎటు ఉన్నదో చూడక ఎదురు తోస్తే చెక్క పెళ్ళలుగా లేచిపోతుంది. వాలు వెంట తోస్తే ఉల్లిపొర వంటి చుట్టలు రాలుతాయి. కథను చిత్రిక పట్టారని, వాక్యాన్ని చిత్రిక పట్టారని మన విమర్శకులు అలవోకగా వ్రాస్తారు. వారిలో చిత్రిక చేతబట్టినవారు ఎందరో మాకు అనుమానమే.

ఆ వీధిలో ఒక పాత ఇంటి కిటికీ రెక్కలు బాగుచేస్తున్న వృద్ధ మిస్త్రీ మా డాబాపై సుత్తి చప్పుడు విని, ఉండబట్టలేక పైకి వచ్చారు. మేము ఆయనను కాకా అని పిలిచాము. ఆయన మమ్మల్ని మాస్టర్‌మొశాయ్ అని పిలిచేవారు, కొంచెం ఎగతాళిగానే. మేము చేసిన మొదటి అతుకు చూసి ఆయన ఊడదీయలేదు. చేత్తో పట్టుకుని ఊపారు, అదే ఊడింది. బెజ్జం ముందు తొలవాలి, ఆ బెజ్జానికి సరిపడా కుసిని తరువాత చెక్కాలి. మేము తలక్రిందులుగా చేశాము. రెండు కర్రలు కలిసేచోట టేపు కొలతను నమ్మవద్దనీ, ఒక కర్రను రెండవదానిపై పెట్టి కత్తిమొనతో గీత గీయాలనీ, పెన్సిలు గీతకు మందం ఉంటుందనీ చెప్పారు. వంగదేశంలో వడ్రంగి కులాన్ని సూత్రధర్ అంటారు, దారం పట్టేవాడని అర్థం. మనకు సూత్రధారుడు నాటకంలో మాత్రమే మిగిలాడు.

పెద్ద దెబ్బ మాఘమాసంలో తగిలింది. వానల్లో కొన్న మామిడి పలకలను కాళ్ళ చట్రంపై పరచి, ఫెవికాల్ పూసి, నాలుగు వైపులా మేకులు దిగ్గొట్టాము. బల్ల అద్భుతంగా ఉన్నదని ఇద్దరము మురిసిపోయాము. చలికాలపు పొడిగాలికి ఒక రాత్రి టపాకాయ పేలిన చప్పుడు వినిపించింది. లేచి చూస్తే పై పలక ఈ చివర నుండి ఆ చివరకు నిలువునా చీలి ఉన్నది. కర్ర పొడవున దాదాపు మారదు గాని, అడ్డంగా వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. దానిని కదలనీయక బిగిస్తే తానే చీలి చోటు చేసుకుంటుంది. కాకా సలహాపై, కూల్చివేస్తున్న ఒక పాత ఇంటి టేకు తలుపు పలకలు కొన్నాము. చట్రంలో మర రంధ్రాలను గుండ్రంగా కాక కోలగా తొలిచి, పలక జరగడానికి వీలు ఉంచి బిగించాము.

ఆ పగులు తగిలిన వారంలోనే ఇండియన్ మ్యూజియంకు వెళ్ళాము. నేతాజీ భవన్ స్టేషనులో మెట్రో ఎక్కితే పార్క్ స్ట్రీట్ మూడవ స్టేషను. అక్కడి భర్హుత్ వేదికను అంతకు ముందు ఎన్నోసార్లు చూశాము. 1873లో కన్నింగ్‌హామ్ గుర్తించిన స్తూపానికి చెందిన ఎర్రరాతి ప్రాకారం అది, క్రీ.పూ. 2వ శతాబ్ది నాటిది. శిల్పాలలోని జాతకకథలను గుర్తుపట్టడమే మా చూపుకు అలవాటు. ఈసారి మా కళ్ళు బొమ్మలపై నిలువలేదు. నిలువు స్తంభం పక్కల తొలిచిన బెజ్జాలు; వాటిలోకి దూరిన మూడేసి అడ్డకమ్ములు; స్తంభాల తలలపై కుసులు; వాటిపై దిగిన ఉష్ణీషం. ఆ అడ్డకమ్ములను అక్కడి దానశాసనాలు సూచి అంటాయి, సూది అని. రాతిని రాతిగా తలచినవాడు ఒకదానిపై ఒకటి పేర్చి ఊరుకునేవాడు. సూదిలా గుచ్చినవాడికి కర్ర పని తెలుసు. మేము దానిని ఇరవై ఏళ్ళు "దారునిర్మాణానికి అనుకరణ" అనే ఒకే వాక్యంలో బోధించాము. విద్యార్థులు ఆ వాక్యాన్ని పరీక్షలో తిరిగి వ్రాశారు, మేము మార్కులు వేశాము. ఆ వాక్యంలో ఎవరి చేయీ లేదు.

మన గుంటుపల్లిలో వర్తులాకార చైత్యగృహం పైకప్పును చూడండి. కొండను తొలిచి వాసాలను చెక్కారు. ఏ బరువూ మోయని వాసాలు. మహారాష్ట్రలోని కార్లే చైత్యంలోనైతే సుమారు 1900 ఏళ్ళ నాటి నిజమైన కర్ర వాసాలే ఇంకా నిలిచి ఉన్నాయి. అక్కడ ద్వారం చేసినవాడు ధేనుకాకట వాసి, వేణువాసుని కుమారుడు, సామి అనే వడ్రంగి అని శాసనం ఉన్నది. అందులోని వడ్ఢకి అనే ప్రాకృత పదం మన వడ్రంగికి దగ్గరి చుట్టంలా వినిపిస్తుంది. మన అమరావతిలో పూర్ణఘట ఫలకాన్ని దానమిచ్చిన విధికుడు చర్మకారుడు. తన వృత్తిని పేరు పక్కనే రాతిపై చెక్కించాడు. ఆనాడు కులం లేదని మేము అనబోము. చరిత్రకారుడు అంత తొందరపడరాదు. ఆ పేరు చదివినప్పుడల్లా మా తండ్రిగారు పాక బయట ఎండలో నిలబడినది గుర్తుకు వస్తుందని మాత్రం అంటాము.

ఇదంతా కాకాకు చెప్పాము, కొంత ఉత్సాహంగా. పుట్టుకతో రాని పనిని మేము నేర్చుకోగలిగామని, చేతికి కులం లేదని అన్నాము. ఆయన బీడీ ఆర్పి, "మీరు ఇష్టపడి పట్టుకున్నారు, మాస్టర్‌మొశాయ్. నాకు తొమ్మిదో ఏట చేతిలో పెట్టారు. మా అబ్బాయి ఈ పనిలోకి రాలేదు, అదే నా సంతోషం" అన్నారు. మా వద్ద సమాధానం లేకపోయింది. అదే వంగదేశంలో రవీంద్రుని కుమారుడు రథీంద్రనాథుడు చక్కని కర్రపని చేశాడు. ఆయనను కళాకారుడన్నారు, అది న్యాయమే. జీవితమంతా భవానీపూర్ కిటికీలను నిలబెట్టిన మనిషి మిస్త్రీగానే ఉండిపోయారు.

సంయుత్త నికాయంలో బాడిశ పిడి ఉపమానం మీలో చాలామంది వినే ఉంటారు. వడ్రంగి పట్టుకునే పిడిపై వేళ్ళ గుర్తులు పడతాయి. ఈ రోజు ఇంత అరిగింది, నిన్న అంత అరిగింది అని అతనికి తెలియదు, అరిగిన తరువాత అరిగిందని తెలుస్తుంది. సాధనలో చిత్తమలాలు తరగడం కూడా అంతేనని బుద్ధుడు బోధించాడు. కాకా ఉలి పిడిపై బొటనవేలు సరిగ్గా కూర్చునే గుంట ఉన్నది. ఆయన అనుమతితో మా వేలు అక్కడ పెట్టి చూశాము, మాకది పెద్దది. ఆ ఉలిపై ఆయన నీళ్ళు పోయలేదు. అది అందుకుని, అదే చేత్తో మా కుసి అంచు సరిచేశారు. మా ఉలి పిడి పది నెలల తరువాత కూడా కొన్ననాటిలాగే నున్నగా ఉన్నది.

ఆ బల్ల ఇప్పుడు మన సంఘం పఠనమందిరంలో ఉన్నది, తూర్పు కిటికీ పక్కన. ఎడమ ముందుకాలు కొంచెం పొట్టి. కింద అట్టముక్క మడిచి పెట్టాము, ఊడ్చేవారు దయచేసి తీయవద్దు. వానాకాలంలో సొరుగు బిగుసుకుంటుంది. బలంగా లాగకండి, కార్తీకం వరకు ఆగితే అదే వస్తుంది.