రాయితీ మిషను కంటే ముందు ఇంటి కరెంటు

(అరకు లోయ పాల సంఘాల సభ్యుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



ఇంతకు ముందు తరగతులలో పాలలో వెన్న శాతం గురించి, పొదుగు శుభ్రత గురించి, సంఘం లెక్కల గురించి చెప్పుకున్నాం. ఈ రోజు విషయం కరెంటు. పాల సంఘానికీ కరెంటుకూ ఏమి సంబంధమని కొందరికి అనిపించవచ్చు. పైగా మాది సహకార డిప్లొమా గాని ఎలక్ట్రికల్ డిప్లొమా కాదు. కనుక తీగలు ఎలా కలపాలో మేము చెప్పబోవడం లేదు. ఆ పని లైసెన్సు ఉన్న వైర్‌మన్ చేయాలి. ఆ పని ఎప్పుడు చేయించాలి, ఏమేమి అడిగి చేయించుకోవాలి అన్నదే మేము చెబుతాం. ఎందుకు చెప్పవలసి వచ్చిందో ముందుగా మనవి చేస్తాం.

జరిగిన సంగతి

కొన్నేళ్ళ క్రితం ఒక గూడెంలో మన సభ్యురాలు ఒకామెకు రాయితీ మీద చాఫ్ కట్టరు, అంటే గడ్డి కోసే మిషను, వచ్చింది. దానికి 2 హెచ్.పి. మోటారు. ఆమెకు పాడి ఆవులు రెండు. దరఖాస్తు మీద సిఫారసు సంతకం మాది. ఆమె సంఘంలో సభ్యురాలేనా, పాలు క్రమంగా పోస్తున్నదా, బాకీ ఏమైనా ఉన్నదా, ఇవన్నీ చూశాం. ఆ ఇంటి మీటరు దగ్గరకు వెళ్ళి మాత్రం చూడలేదు. దరఖాస్తులో ఆ గడి లేదు, మేమూ అడగలేదు.

ఆ ఇంట్లో ఉన్నది బల్బు కోసం వేసిన సన్నని తీగ. దాని నుండే మరొక రెండు తీగల వైరు లాగి పశువుల సాలలో మిషనుకు కలిపారు. ఎర్తు లేదు. మొదటి రోజుల్లో రెండు సార్లు ఫ్యూజు పోయింది. మూడోసారి పోకుండా ఎవరో లావు తీగ చుట్టి పెట్టారు. వానాకాలంలో ఒకనాటి సాయంత్రం ఆ వైరు వేడెక్కి, పైనున్న తొడుగు కరిగి, లోపలి తీగ మిషను ఇనుప కాలికి తగిలింది. ఆవును కట్టింది ఆ కాలికే. నేల తడిగా ఉంది. ఆవు అక్కడికక్కడే పడిపోయింది. ఏమైందోనని ఆమె దాని మీద చేయి వేయబోతుంటే కొడుకు కేక వేసి మెయిన్ దించాడు. మనిషి దక్కింది.

మేము వెళ్ళినప్పుడు ఆమె ఒక్క మాటే అడిగింది: "బాబూ, మిసను మీరే ఇప్పించినారు. కరెంటు సంగతి ఎందుకు సెప్పనేదు?" అప్పుడు మా దగ్గర సమాధానం లేదు. అందుకే ఇప్పుడు ప్రతి సంఘానికీ వెళ్ళి ఈ సంగతి చెబుతున్నాం.

బల్బు కోసం వచ్చిన కరెంటు

మన కొండల్లో మాచ్‌ఖండ్ జల విద్యుత్ కేంద్రం 1955 నుండి పనిచేస్తోంది. సీలేరులోనూ కరెంటు పుడుతోంది. అయినా గూడేలకు ఆ కరెంటు చేరడానికి చాలా కాలం పట్టింది. 2005లో వచ్చిన రాజీవ్ గాంధీ గ్రామీణ విద్యుదీకరణ పథకం, 2017లో వచ్చిన సౌభాగ్య పథకం పేద ఇళ్ళకు ఉచితంగా సర్వీసు ఇచ్చాయి. అది మంచి పనే. కాని ఆ పథకాలలో ఇంట్లోపల వేసి ఇచ్చినది ఒక దీపానికి సరిపడే వైరింగు. దాని మీదే మనం తరువాత ఫ్యాను, టీవీ, సెల్ ఛార్జరు చేర్చుకుంటూ వచ్చాం.

లెక్క చూడండి. 9 వాట్ల బల్బులు ఐదు, ఒక ఫ్యాను, ఒక టీవీ కలిపితే ఇంచుమించు 200 వాట్లు. 1 హెచ్.పి. అంటే 746 వాట్లు. 2 హెచ్.పి. మోటారు తనలో పోయే నష్టంతో కలిపి సుమారు 2,000 వాట్లు తీసుకుంటుంది. అంటే ఇల్లంతా వాడే దానికి పదింతలు. నడిచేటప్పుడు 10, 12 ఆంపియర్లు లాగే ఆ మోటారు మొదలయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్లు లాగుతుంది. ఒక మనిషి నడిచే కాలిబాట మీద లారీని తోలినట్టే ఇది.

పాలు పితికే మిషను అయినా, వేడినీళ్ళ గీజరు అయినా సంగతి ఇదే. రాయితీ కాగితం మిషనును ఇస్తుంది. దానికి తగిన తీగను, ఎర్తును ఇవ్వదు.

మరో దేశంలో ఏమి చేశారు

ఈ ఇబ్బంది మనకొక్కరికే కాదు. అమెరికాలో మన తెలుగువారు చాలామంది ఉన్నారు. అక్కడి చలికి ఇల్లు వెచ్చబెట్టడానికి హీట్ పంపు అనే యంత్రం వాడతారు. అది మనకు కొత్తదేమీ కాదు. పాల కేంద్రంలో బల్క్ కూలరు ఉన్నది గదా, దాని వెనుక చేయి పెట్టి చూడండి, వేడిగాలి తగులుతుంది. పాలలోని వేడిని లాగి బయటకు తోస్తుంది కనుకనే పాలు 4 డిగ్రీలకు దిగుతాయి. హీట్ పంపు అదే పనిని తిరగేసి చేస్తుంది. బయటి గాలిలోని వేడిని లాగి ఇంట్లోకి తోస్తుంది. ఒక యూనిట్ కరెంటు ఖర్చుతో దాదాపు మూడు యూనిట్ల వేడి వస్తుంది.

అక్కడ 2022లో చేసిన చట్టంలో తక్కువ ఆదాయం గల కుటుంబాలకు ఈ యంత్రానికి 8,000 డాలర్ల వరకు రాయితీ పెట్టారు. మనం గమనించవలసినది దాని తరువాతి మాట. కరెంటు పెట్టె మార్చుకోవడానికి వేరుగా 4,000 డాలర్ల వరకు, ఇంటి వైరింగుకు మరో 2,500 డాలర్ల వరకు అదే చట్టంలో చేర్చారు. పాత ఇళ్ళ వైరింగు కొత్త యంత్రాన్ని మోయలేదని వారు ముందే గుర్తించారు. మనకు అటువంటి ప్రత్యేక రాయితీ చేతికి వచ్చేవరకు ఆ జాగ్రత్త మనమే పడాలి.

మిషను రాకముందు చేయవలసిన పనులు

మొదటిది, లోడు. మీ కరెంటు బిల్లు మీద మీ సర్వీసుకు మంజూరైన లోడు కిలోవాట్లలో ఉంటుంది. కొత్త మిషనుతో అది దాటేటట్టుంటే విద్యుత్ పంపిణీ సంస్థకు లోడు పెంపు దరఖాస్తు పెట్టుకోవాలి. మన ప్రాంతానికి ఆ సంస్థ ఏపీఈపీడీసీఎల్. సర్వీసు ఎవరి పేరున ఉన్నదో కూడా అప్పుడే చూసుకోండి. తాతగారి పేరున ఉండిపోయిన మీటర్లు మన గూడేల్లో చాలా ఉన్నాయి. మిషను ఒకరి పేరున, మీటరు చనిపోయినవారి పేరున ఉంటే ముందుముందు చిక్కు వస్తుంది.

రెండవది, వేరే లైను. మిషనుకు మీటరు పెట్టె నుండి నేరుగా వేరే లైను వేయించాలి. దీపాల తీగ నుండి లాగరాదు. 2 హెచ్.పి. మోటారుకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు తక్కువ వద్దు. సాల దూరంగా ఉంటే 4 చదరపు మిల్లీమీటర్లది వేయించండి. 1 చదరపు మిల్లీమీటరు తీగ మీద 40 మీటర్ల దూరంలో ఈ మోటారు నడిపితే 15 వోల్టులకు పైగా తీగలోనే పోతాయి. మొదలయ్యేటప్పుడు ఇంకా ఎన్నో రెట్లు పోతాయి. మన గూడేలు అసలే లైను చివర ఉంటాయి. సాయంత్రం వోల్టేజీ 230కి ఎంతో తక్కువగా ఉండడం మీకు తెలిసినదే. వోల్టేజీ పడిపోతే మోటారు తిరగలేక మూలుగుతుంది, ఎక్కువ కరెంటు లాగి కాలిపోతుంది. కనుక వైర్‌మన్ చేత ఉదయమొకసారి, సాయంత్రమొకసారి వోల్టేజీ కొలిపించి, ఆ అంకెలు రాసి పెట్టుకోండి. మరీ తక్కువగా ఉంటే 1912కు ఫిర్యాదు చేయవచ్చు.

మూడవది, ఎర్తు. చనిపోయిన ఆవును కాపాడి ఉండేవి ఎర్తు, దానితోపాటు మేము తరువాత చెప్పబోయే బ్రేకరు. ఎర్తు గుంతలో రెండున్నర మీటర్ల జి.ఐ. పైపు నిలువుగా దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా వేయడం అలవాటైన పద్ధతి. మన కొండల్లో రెండు అడుగులకే రాయి తగులుతుంది. అక్కడితో ఆపి పైపును కోసి పాతితే అది కంటికి ఎర్తే గాని పనికి ఎర్తు కాదు. చోటు మార్చి మట్టి లోతుగా, చెమ్మగా ఉన్నచోట తవ్వించండి. వేసవిలో గుంతలో నీళ్ళు పోస్తూ ఉండండి; ఎండిన నేల కరెంటును తీసుకోదు.

ఇంకొక ముఖ్య విషయం. ఎర్తు గుంత పశువులు నిలబడే చోట ఉండరాదు. కరెంటు భూమిలోకి దిగేటప్పుడు ఆ చుట్టుపక్కల నేలలో వోల్టేజీ అడుగడుగుకూ మారుతుంది. మనిషి పాదాలు దగ్గరగా ఉంటాయి. ఆవు ముందు కాళ్ళకూ వెనుక కాళ్ళకూ మధ్య దూరం ఎక్కువ. ఆ తేడా అంతా దాని ఒంటిలోంచి, గుండె మీదుగా పోతుంది. మనకు జిల్లుమన్నంత షాకు పశువుకు ప్రాణాంతకం కావచ్చు. అందుచేత మిషను కాలికి గాని, కరెంటు స్తంభానికి గాని, స్టే తీగకు గాని పశువును ఎప్పుడూ కట్టకండి. న్యూట్రల్ పోయినప్పుడు ఒక తీగను భూమిలో గుచ్చి బల్బు వెలిగించుకోవడం కొన్ని ఊళ్ళలో చూస్తున్నాం. ఆ పని వెంటనే మానాలి.

నాలుగవది, బ్రేకర్లు. ఎం.సి.బి. అనేది తీగను కాపాడుతుంది. తీగ మోయగలిగిన దానికి మించి కరెంటు పోతే పడిపోతుంది. మనిషికి షాకు కొట్టినప్పుడు పోయే కరెంటు చాలా కొద్ది. దానికి ఎం.సి.బి. పడదు. ఆ పనికి ఆర్.సి.సి.బి. అని వేరే ఉంది. 30 మిల్లీ ఆంపియర్లది అడిగి తీసుకోండి. లీకేజీ మొదలైన క్షణంలోనే లైను తెంపేస్తుంది. దాని మీద పరీక్ష బొత్తాం ఉంటుంది. నెలకొకసారి నొక్కి చూడండి. పడకపోతే అది పాడైనట్టే, మార్చాలి. బ్రేకరు మాటిమాటికి పడుతున్నదని తీసివేయడం, ఫ్యూజులో లావు తీగ చుట్టడం, ఈ రెండూ ఒకే తప్పు. పడుతున్నదంటే లోపం ఎక్కడో ఉందని అది చెబుతోంది.

అయిదవది, మోటారు పెట్టే చోటు. వాన జల్లు కొట్టని చోట, నేలకు కొంచెం ఎత్తులో స్విచ్చి ఉండాలి. తడి చేతులతో, పాలు పితికిన చేతులతో ముట్టరాదు. ఉరుముల వాన మొదలయ్యేలోపు ప్లగ్గు తీసివేయాలి. సర్వీసు తీగ మీదికి సిల్వర్ ఓక్ కొమ్మలు వాలి ఉంటే లైన్‌మన్‌కు చెప్పి కొట్టించాలి, మీరు ఎక్కవద్దు.

సోలారు పలకల విషయం

ఇప్పుడు చాలామంది ఇంటిపై సోలారు గురించి అడుగుతున్నారు. 2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో 1 కిలోవాటుకు 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లు ఆపైన 78,000 రూపాయల రాయితీ పెట్టారు. మన రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 2 కిలోవాట్ల వరకు ఉచితంగా అమర్చే కార్యక్రమం కూడా చేపట్టారు. అవకాశం వస్తే వదులుకోవద్దు. అయితే రెండు సంగతులు తెలిసి ఉండాలి. పలకలు ఎన్ని పెట్టినా పాత తీగ పాత తీగే. పైన చెప్పిన పనులు తప్పవు. ఇక బ్యాటరీ లేకుండా లైనుతో కలిపిన సోలారు, లైను కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు షాకు కొట్టకుండా అలా ఏర్పాటు చేశారు. కరెంటు పోయినా మిషను నడుస్తుందని ఎవరైనా చెబితే, బ్యాటరీ ఉన్నదా అని అడగండి.

సంఘం చేయగల సాయం

ఇదంతా ఖర్చుతో కూడినదే. ఒక్కొక్కరు విడిగా వైర్‌మన్‌ను కొండ మీదికి పిలిపిస్తే రాకపోకల ఖర్చే తడిసి మోపెడవుతుంది. గూడెంలో మిషను వచ్చే ఇళ్ళన్నీ కలిసి ఒకే రోజున పిలిపించుకోండి. తీగ, పైపు, బ్రేకర్లు ఐ.ఎస్.ఐ. గుర్తు చూసి కలిపి కొనండి. సొమ్ము ఒకేసారి పెట్టలేనివారికి సంఘం బైలాలకు లోబడి పాలకవర్గం తీర్మానం చేసి, సభ్యుని రాతపూర్వక అంగీకారంతో పాల బిల్లులో వాయిదాలుగా పట్టుకోవచ్చు. ఆవుకు దాణా అప్పుగా ఇస్తున్నాం గదా. అదే ఆవు ప్రాణానికి ఎర్తు అప్పుగా ఇవ్వడంలో తప్పు లేదు. మీ సంఘ సమావేశంలో ఈ అంశాన్ని అజెండాలో పెట్టమని కార్యదర్శులను కోరుతున్నాం.

మా వైపు నుండి ఒక మాట. ఇకమీదట రాయితీ మిషను దరఖాస్తు మా దగ్గరకు వస్తే ముందు మూడు ప్రశ్నలు అడుగుతాం. మిషనుకు వేరే లైను ఉన్నదా? ఎర్తు ఉన్నదా? ఆర్.సి.సి.బి. పనిచేస్తున్నదా? మూడింటికీ ఉన్నదని జవాబు వచ్చి, మేము వచ్చి కళ్ళారా చూసిన తరువాతే సంతకం పెడతాం. ఆలస్యమైందని కోపం రావచ్చు. ఒక వారం ఆలస్యమైతే గడ్డి కత్తితో కోసుకోవచ్చు.

ఆ సభ్యురాలు ఇప్పుడు మళ్ళీ పాలు పోస్తున్నారు. మిగిలిన ఆవు ఈని, పెయ్య పుట్టింది. సాలకు వేరే లైను, ఎర్తు వేయించుకున్న తరువాతే ఆమె ఆ మిషనును తిరిగి వాడుతున్నారు. ఇంటికి ఎవరు వచ్చినా ముందు మీటరు పెట్టె దగ్గరకు తీసుకెళ్ళి బొత్తాం నొక్కి చూపిస్తారు. మీరు కూడా ఈ రాత్రి ఇంటికి వెళ్ళగానే టార్చిలైటు పట్టుకుని మీటరు దగ్గర నుండి సాల దాకా తీగ వెంట ఒకసారి నడచి చూడండి. చేయి మాత్రం వేయకండి. ఎక్కడెక్కడ అతుకులున్నాయో గుర్తు పెట్టుకుని, రేపు పాలు పోయడానికి వచ్చినప్పుడు కార్యదర్శికి చెప్పండి.