చేయి వణికినా పది పడుతుంది: మొదటి షూటింగ్ కాంపిటీషన్‌కి ముందు

ఈ ఎపిసోడ్ కొంతమంది కోసమే. ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటున్నారు, ప్రాక్టీస్ బాగానే నడుస్తోంది, కానీ కాంపిటీషన్ ఫారం చేతికి రాగానే కడుపులో తిప్పినట్టు అవుతుంది చూడండి, వాళ్ల కోసం. రైఫిల్ వాళ్లకీ చాలా వరకు పనికొస్తుంది. కాకపోతే నేను పిస్టల్ మనిషిని కాబట్టి లెక్కలన్నీ పిస్టల్‌వే చెప్తాను.

ముందే ఒక విషయం చెప్పేస్తా. భయం పోగొట్టే ట్రిక్ ఏదీ నా దగ్గర లేదు. నాకు తెలిసి ఎవరి దగ్గరా లేదు. ఎందుకంటున్నానంటే, బీటా బ్లాకర్లు అని కొన్ని మందులు ఉంటాయి. బీపీకి, గుండె జబ్బులకి డాక్టర్లు రాస్తారు. గుండె వేగాన్ని తగ్గిస్తాయి, చేతి వణుకును తగ్గిస్తాయి. షూటింగ్‌లో ఆ మందులు నిషేధం. కాంపిటీషన్ రోజు మాత్రమే కాదు, మామూలు రోజుల్లో కూడా. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఉత్తర కొరియా షూటర్ కిమ్ జోంగ్ సు ఒక వెండి, ఒక కాంస్యం గెలిచి, ఇదే రకం మందు టెస్టులో బయటపడి రెండు మెడల్సూ వెనక్కి ఇచ్చుకున్నాడు.

ఇప్పుడు ఆలోచించండి. పెద్ద పెద్ద షూటర్ల గుండెలు అసలు కొట్టుకోకపోతే, వాళ్ల చేతులు వణకకపోతే, ఈ మందుని నిషేధించాల్సిన అవసరం ఎవరికి వచ్చింది? అందరికీ దడ ఉంటుంది. ఒలింపిక్ లైన్‌లో నిలబడ్డవాళ్లకి కూడా.

ఇది ఎందుకు ఎత్తుకున్నానంటే, నేను ప్రాక్టీస్‌కి వెళ్లే రేంజ్‌లో ఒక చెల్లి ఉంది. ఇంటర్ సెకండియర్. పేరు చెప్పను, తనని అడిగే ఈ మాట చెప్తున్నా. ఎనిమిది నెలల నుంచి వస్తోంది, క్లబ్ పిస్టల్ మీదే నేర్చుకుంటోంది. వాళ్ల నాన్న బండి మీద దింపి, బయట బెంచీ మీద కూర్చుని, అయిపోయాక తీసుకెళ్తారు. తన గ్రూపింగ్ చూస్తే నాకే కొంచెం కుళ్లు. కాంపిటీషన్ ఎంట్రీ ఫారం మాత్రం రెండు వారాల నుంచి బ్యాగ్‌లోనే నలుగుతోంది. ఎందుకమ్మా అని అడిగితే, "చేయి వణుకుతది అన్నా. ఇక్కడ వణికితే ఎవరూ చూడరు. అక్కడ బోర్డు మీద పడతది. నాన్న స్కోరు అడుగుతడు" అంది.

ఇందులో రెండు భయాలున్నాయి. ఒకటి చేయి గురించి, ఇంకోటి నాన్న గురించి. మొదటిదానికి లెక్క ఉంది, అది చూద్దాం. నేను ఇంజినీరింగ్ బ్యాచ్ కదా, లెక్క దొరికితే వదలను.

టార్గెట్ 10 మీటర్ల దూరంలో ఉంటుంది. పది రింగు వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. పెల్లెట్ 4.5 మిల్లీమీటర్లు. పెల్లెట్ అంచు గీతను తాకినా చాలు, ఎక్కువ మార్కే ఇస్తారు. అంటే పెల్లెట్ నడిబొడ్డు సెంటర్ నుంచి 8 మిల్లీమీటర్లు పక్కకి పోయినా అది పదే.

ఇప్పుడు రెండు కేసులు. మొదటి కేసులో ముందు సైటు, వెనక సైటు సరిగ్గా ఒకే లైన్‌లో ఉన్నాయి. కానీ చేయి మొత్తం వణికి 5 మిల్లీమీటర్లు పక్కకి జరిగింది. పెల్లెట్ కూడా ఆ 5 మిల్లీమీటర్లే జరుగుతుంది. మార్కు పది. చేయి వణికింది, పదే పడింది.

రెండో కేసు. చేయి కదలలేదు, రాయిలా ఉంది. కానీ మణికట్టు కాస్త మెలిపడి, ముందు సైటు తన చోటు నుంచి ఒక్క మిల్లీమీటర్ పక్కకి పోయింది. రెండు సైట్ల మధ్య దూరం ఇంచుమించు 33 సెంటీమీటర్లు అనుకోండి. 10 మీటర్లంటే దానికి 30 రెట్లు. కాబట్టి ఇక్కడ ఒక మిల్లీమీటర్ తప్పు అక్కడికి వెళ్లేసరికి 30 మిల్లీమీటర్లు అవుతుంది. బోర్డు మీద ఏడు.

చూశారా? చేయి ఊగితే పోయేది తక్కువ. మణికట్టు మెలిపడితే పోయేది చాలా ఎక్కువ. మరి మణికట్టు ఎప్పుడు మెలిపడుతుంది? వణుకు చూసి కంగారుపడి, ముందు సైటు గురి దగ్గరకి రాగానే "ఇప్పుడే, ఇప్పుడే" అని ట్రిగ్గర్‌ని లాగేసినప్పుడు. ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు ఉండాలని రూల్. అర లీటరు నీళ్ల సీసా బరువు అది. నెమ్మదిగా నొక్కితే ఏమీ కాదు. ఒక్క గుంజు గుంజితే పిస్టల్ మూతి కదులుతుంది. మనం మాత్రం స్కోరు చూసి, చేయి వణికింది కాబట్టి ఏడు పడింది అనుకుంటాం. కాదు. వణుకును చూసి తొందరపడ్డాం కాబట్టి పడింది.

అందుకే లైన్ మీద కన్ను ముందు సైటు మీదే ఉంచమని కోచ్‌లు చెప్పిందే చెప్తారు. నల్ల చుక్క మసకగా కనిపించాలి, ముందు సైటు షార్ప్‌గా కనిపించాలి. టెన్షన్‌లో కన్ను దానంతట అదే టార్గెట్ మీదకి పారిపోతుంది. దాన్ని చెవి పట్టుకుని వెనక్కి తేవడమే మన పని. ఊగేది ఊగనివ్వండి.

సరే, ఇప్పుడు టైమ్ సంగతి. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో 60 షాట్లు, 75 నిమిషాలు, ఎలక్ట్రానిక్ టార్గెట్ల మీద. ఆడవాళ్లకి ఇదివరకు 40 షాట్లే ఉండేవి, 2018 నుంచి వాళ్లకీ 60 చేశారు. అంటే ఒక్కో షాట్‌కి 75 సెకన్లు. పిస్టల్ ఎత్తడం, దించడం, ఊపిరి వదలడం, ఆపడం, కాల్చడం, ఇదంతా కలిపినా పావు నిమిషం, ఇంకొంచెం. మిగతాదంతా మీదే. బోలెడు టైమ్.

ఈ బోలెడు టైమ్‌తో ఏం చేయాలి అంటే, నా దృష్టిలో మొదటి మ్యాచ్‌కి అన్నిటికంటే ముఖ్యమైన స్కిల్ కాల్చడం కాదు, కాల్చకుండా పిస్టల్ దించేయడం. ఎత్తారు, ఎనిమిది పది సెకన్లు అయింది, ఇంకా కుదరలేదు, కన్ను మసకబారుతోంది. దించేయండి. మూతి టార్గెట్ వైపే ఉంచి టేబుల్ మీదకి దించి, రెండుసార్లు ఊపిరి తీసుకుని మళ్లీ ఎత్తండి. దీనికి పెనాల్టీ లేదు. ఎన్నిసార్లు దించారని ఎవరూ లెక్కపెట్టరు. కానీ మొదటిసారి వచ్చినవాళ్లకి పక్కవాళ్లు టకటకా కాలుస్తుంటే, నేనొక్కడినే దించుతున్నాను, అందరూ నన్నే చూస్తున్నారు అనిపిస్తుంది. ఎవరూ చూడరు బాబూ. పక్క లేన్ వాడికి వాడి గుండె చప్పుడే వినిపిస్తుంటుంది.

దీన్ని ఇప్పటి నుంచే ప్రాక్టీస్ చేయొచ్చు. ప్రతి పది షాట్లలో కనీసం రెండుసార్లు కావాలనే దించండి, గురి బాగున్నా సరే. దించడం చేతికి అలవాటైతేనే మ్యాచ్‌లో గుర్తొస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో ఒక జోకు ఉంటుంది కదా, నా లాప్‌టాప్‌లో బాగానే రన్ అయింది సార్ అని. రేంజ్‌లో ఖాళీ మధ్యాహ్నం వచ్చే స్కోరు అలాంటిదే. అందుకే మ్యాచ్‌కి ముందు కనీసం మూడు నాలుగు మాక్ మ్యాచ్‌లు పెట్టుకోండి. పూర్తి 60 షాట్లు, 75 నిమిషాల టైమర్, వెనక ఫ్రెండ్స్‌ని నిలబెట్టి మాట్లాడుకోమనండి. ఓడినవాడు ఇరానీ చాయ్ ఇప్పించాలి అని పందెం పెడితే ఇంకా మంచిది. నాలుగు రూపాయలు పోతాయని తెలిసినా చేయి వణుకుతుంది, అదే మనకి కావాల్సింది.

మ్యాచ్ రోజు ఎలా ఉంటుందో తెలియకపోవడం కూడా సగం భయానికి కారణం. కాబట్టి చెప్తా. ముందు పిస్టల్ చెకింగ్ ఉంటుంది. ట్రిగ్గర్ బరువు, సైజు చూస్తారు. బ్యారెల్‌లో సేఫ్టీ ఫ్లాగ్ ఉండాలి, లైన్ మీద అనుమతి ఇచ్చేదాకా అది తీయకూడదు. బ్లూ జీన్స్ వేసుకెళ్లకండి, డ్రెస్ కోడ్‌లో ఒప్పుకోరు, ట్రాక్ ప్యాంట్ హాయి. బూట్లు చీలమండ కిందకే ఉండాలి. ఫోన్ సైలెంట్‌లో కాదు, ఆఫ్ చేసి బ్యాగ్‌లో. సిలిండర్‌లో గాలి ముందు రోజే నింపి చూసుకోండి. పొద్దున రోజూ తినే ఇడ్లీయే తినండి, ధైర్యం కోసం ఎక్స్‌ట్రా కాఫీ మాత్రం వద్దు. ఉన్న దడ చాలు.

తర్వాత లైన్ మీదకి పిలుస్తారు. 15 నిమిషాలు ప్రిపరేషన్, సైటింగ్. ఆ టైమ్‌లో ఎన్ని షాట్లైనా కాల్చుకోవచ్చు, స్కోరులో కలవవు. ఊరికే డ్రై ఫైర్ కూడా చేసుకోవచ్చు. కొత్తవాళ్లు ఇక్కడ ముప్పై, నలభై కాల్చేసి భుజం అలిసిపోయి మ్యాచ్ మొదలుపెడతారు. నేనైతే ముందు ఐదారు డ్రై ఫైర్లు, ఆ తర్వాత పది పన్నెండు షాట్లు, చివరి రెండు నిమిషాలు పిస్టల్ కింద పెట్టి నీళ్లు తాగి నిలబడటం. ఎందుకంటే సైటింగ్ ఆపమని చెప్పాక చిన్న గ్యాప్ వస్తుంది, ఆ తర్వాత "మ్యాచ్ ఫైరింగ్, స్టార్ట్" అంటారు. గుండె గొంతులోకి వచ్చేది సరిగ్గా అప్పుడే. ఇందాకటిదాకా లెక్కలోకి రాని అదే షాట్ ఇప్పుడు లెక్కలోకి వస్తుంది, అంతే తేడా. స్టార్ట్ అనగానే ఎత్తక్కర్లేదు. ఒక నిమిషం ఊరికే నిలబడండి. మొదటిసారి ఎత్తినప్పుడు కాల్చనే వద్దు, దించేయండి. రెండోసారి కాల్చండి.

ఇంకొకటి. ఎత్తే ముందు మీ లేన్ నంబర్, ఎదురుగా టార్గెట్ నంబర్ కలిశాయో లేదో చూడండి. నవ్వకండి. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో అమెరికా రైఫిల్ షూటర్ మాథ్యూ ఎమన్స్ ఫైనల్‌లో చివరి షాట్ దాకా లీడ్‌లో ఉన్నాడు. ఆ చివరి షాట్ పక్కవాడి టార్గెట్ మీద కాల్చాడు. సున్నా. బంగారం పోయి ఎనిమిదో స్థానం. అతను అనాడి కాదు, అదే ఒలింపిక్స్‌లో ఇంకో ఈవెంట్‌లో బంగారం గెలిచినవాడు.

ఇక రెండో భయం, నాన్న స్కోరు అడుగుతడు అన్నది. దీనికి మిల్లీమీటర్ల లెక్క లేదు. కానీ మను భాకర్ సంగతి ఉంది. టోక్యోలో మ్యాచ్ మధ్యలో ఆమె పిస్టల్ మొరాయించింది. బాగుచేసుకునేలోపు బోలెడు టైమ్ పోయింది. తిరిగొచ్చి 575 కాల్చింది, రెండే రెండు పాయింట్లతో ఫైనల్ తప్పింది. దేశం మొత్తం అడిగింది, స్కోరెంత అని. పారిస్‌లో అదే ఈవెంట్‌లో క్వాలిఫికేషన్ స్కోరు 580, తర్వాత ఫైనల్‌లో కాంస్యం. ఆ చెల్లికి నేను చూపించింది ఆ 580నే. 600కి 580. అంటే ఒలింపిక్ మెడల్ తెచ్చిన ఈవెంట్‌లో కూడా 20 పాయింట్లు చేజారాయి. ఆ అమ్మాయి మాత్రం ప్రాక్టీస్‌లో ఒక్క ఎనిమిది పడితే మొహం మాడ్చుకుంటుంది.

ఇంకో పని కూడా చెప్పాను. ఫారం నింపే ముందే నాన్నకి చెప్పు, ఇది మొదటి మ్యాచ్, స్కోరు ప్రాక్టీస్ కంటే తగ్గే అవకాశం ఎక్కువ, నేను 60 షాట్లూ తొందరపడకుండా కాల్చానో లేదో అడుగు, అని. "అట్ల చెప్తే ఊకుంటడా అన్నా?" అంది. నాకు తెలీదు అన్నాను. నిజంగానే తెలీదు. ఎనిమిది నెలలు ఆ బెంచీ మీద కూర్చున్న మనిషి గురించి నాకంటే తనకే ఎక్కువ తెలుసు. కాకపోతే ఆయనకి షూటింగ్ గురించి ఎవరూ ఏమీ చెప్పలేదేమో. 540 మంచిదా చెడ్డదా అన్నది కూడా తెలియకపోవచ్చు. ఒకరోజు ఆయన్ని లోపలికి పిలిచి, రూల్స్ ప్రకారం వెనక నిలబెట్టి, పది రింగు ఎంతుంటుందో చూపించమన్నాను. 11.5 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. అది 10 మీటర్ల నుంచి కొట్టడం అంటే ఏంటో కళ్లతో చూసిన మనిషి అడిగే ప్రశ్నలు వేరేగా ఉంటాయి.

మ్యాచ్ అయ్యాక సాయంత్రం చేయాల్సింది ఒక్కటే. నోట్‌బుక్‌లో స్కోరు పక్కన, ఎన్నిసార్లు దించాను, ఎన్ని షాట్లు తొందరపడి లాగాను, ఏ షాట్ల దగ్గర దడ ఎక్కువైంది, ఈ మూడూ రాసుకోండి. రెండో మ్యాచ్‌కి మీ దగ్గర ఉండే డేటా అదే.

వచ్చేవారం ఇంట్లో గోడ ముందు డ్రై ఫైర్ చేస్తూ మణికట్టు కదులుతోందో లేదో ఫోన్ కెమెరాతో ఎలా పట్టుకోవాలో చూపిస్తా. మామూలు స్లో మోషన్ చాలు, ఖరీదైన ఫోన్ అక్కర్లేదు. పిస్టల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకున్నాకే మొదలుపెడదాం. ఉంటాను మరి.