రెండంగుళాల మనుషులు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"నువ్వు ఇంజినీరువి గదా, కాలువల గురించో వంతెనల గురించో ఓ పావుగంట మాట్లాడు" అన్నారు కార్యదర్శిగారు. "బొమ్మలకు రంగులు వేయడం గురించి మాట్లాడతానండీ" అన్నాను. కాసేపు అవతల నుంచి మాట లేదు. ఆ తర్వాత "సరే, భోజనాలకు ముందే కానిచ్చేయ్" అన్నారు. అందుకని త్వరగానే ముగిస్తాను.

పదిహేనేళ్లుగా ఆదివారం మధ్యాహ్నాలు నేను చేసే పని ఇదే. విక్టోరియా రాణి కాలం, అంటే 1837 నుంచి 1901 వరకు బతికిన మనుషుల బొమ్మలు లోహంతోనో ప్లాస్టిక్‌తోనో పోతపోసి అమ్ముతారు. రంగు ఉండదు, అది మనం వేసుకోవాలి. నేను తెప్పించుకునేవి 54 మిల్లీమీటర్ల ఎత్తువి, అంటే రెండంగుళాలు దాటి ఓ గోరంత. లండన్‌లో విలియం బ్రిటన్ సంస్థ 1893లో లోపల బోలుగా ఉండే సీసపు సైనికులను చవగ్గా పోతపోయడం మొదలుపెట్టింది. ఆ ఎత్తే ఒక ప్రమాణంగా నిలిచిపోయింది.

ఇది దొరల సరదా అనుకోకండి. మన కొండపల్లిలో తెల్లపొణికి చెక్కను చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో చేతులూ కాళ్లూ అతికించి, సున్నం పూసి రంగులు వేసేదీ ఈ పనే. సంక్రాంతికి మన ఇళ్లలో మెట్లు కట్టి పేర్చే కొలువునే వాళ్లు డయోరమా అంటారు.

ఇంజినీరును కాబట్టి లెక్క చెప్పకుండా ఉండలేను. అయిదడుగుల ఎనిమిదంగుళాల మనిషిని 54 మిల్లీమీటర్లకు తగ్గిస్తే 32వ వంతు అవుతాడు. రెండంగుళాల చీర అంచు బొమ్మ మీద మిల్లీమీటరున్నర. కుంచె అర మిల్లీమీటరు పక్కకు జరిగితే అసలు మనిషి మీద పదహారు మిల్లీమీటర్లు జరిగినట్టు. నొసటి బొట్టు కాస్తా కంట్లో పడుతుంది.

ఎండలో నిలబడ్డ మనిషి మీద నీడలు వాటంతటవే పడతాయి. రెండంగుళాల బొమ్మ మీద పడే నీడ కంటికి ఆనదు. కాబట్టి నీడను కూడా మనమే వేయాలి. పల్చటి ముదురు రంగును బట్ట మడతల మీద వదిలితే, కాలువ నీళ్లు పల్లానికి పోయినట్టు అది లోతుల్లోకి పోయి ఆగుతుంది. ఆరాక మిట్టల మీద లేత రంగు తాకించాలి. అప్పుడు పంచె పంచెలా కనిపిస్తుంది. ఇక 'ఒంటి రంగు' అని దుకాణాల్లో అమ్మే సీసా తెల్లవాళ్ల ఒంటి రంగే. మన రేవు కూలీకి అది పనికిరాదు. ముదురు గోధుమరంగులో కాస్త పసుపుమన్ను రంగు, చిటికెడు నీలం కలుపుతాను. నలుపు కలిపితే మాత్రం ఒంట్లో జీవం పోతుంది.

రంగు వేయాలంటే ఆ మనిషి ఎవరో తెలియాలి. నా మొదటి బొమ్మల్లో ఒకడు మద్రాసు సైన్యంలోని సిపాయి, ఎర్రకోటు వాడు. ఆ సైన్యంలో తెలుగువాళ్లు ఎందరో ఉండేవారు. 1857లో ఢిల్లీ జనం సిపాయిలను 'తిలంగాలు' అనేవారు. ఆ పేరు మన దేశం పేరే. కంపెనీ తొలిరోజుల్లో మనవాళ్లను చేర్చుకున్నందువల్ల వచ్చింది. ఆ శతాబ్దం చివరికి తెలుగువాళ్లు యుద్ధానికి పనికిరారని చేర్చుకోవడం తగ్గించేశారు.

మరి ఆ కోటు ఎరుపు ఎక్కడిది? ఇంగ్లండులో సామాన్య సైనికుడి కోటుకు మ్యాడర్ అనే మొక్క వేరు రంగు. మన బందరు అద్దకానికి చిరువేరు రంగు. మొక్కలు వేరైనా ఎరుపునిచ్చే ముఖ్య పదార్థం ఒకటే, అలిజరిన్. 1869 జూన్‌లో ఒక్కరోజు తేడాతో ఇటు జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు, అటు ఇంగ్లండులో పెర్కిన్ దాన్ని కృత్రిమంగా తయారుచేసే పద్ధతికి పేటెంట్లు కోరారు. ఆ తర్వాత రెండు దేశాల్లోనూ ఆ వేళ్లకు గిరాకీ పడిపోయింది. ఇవాళ పెడనలో పటిక అద్దిన గుడ్డ ఎర్రబడేది కూడా అలిజరిన్‌తోనే. సిపాయి కోటు, మన అమ్మమ్మల దుప్పటి ఒకే ఎరుపుకు చుట్టాలని ఆ బొమ్మ నాకు చెప్పింది.

అయితే కొన్నాళ్లకు ఒక సంగతి తోచింది. ఈ బొమ్మల్లో సిపాయి దొరుకుతాడు, గుర్రం మీద దొర దొరుకుతాడు, ఆయన గొడుగు పట్టేవాడూ దొరుకుతాడు. బందరు రేవులో మూటలు మోసినవాడు, ఉప్పు మడిలో నిలబడ్డ ఆడమనిషి, పడవ నడిపే బెస్తవాడు, అద్దకం దిమ్మె పట్టుకున్న పెడన పనివాడు దొరకరు. కొనేవాడు లేని బొమ్మను ఎవరు పోతపోస్తారు? అందుకని దొరికిన బొమ్మ టోపీ కోసేసి, ఎం-సీల్ పిసికి తలపాగా చుడుతున్నాను, ప్యాంటు అరగదీసి గోచీపంచె కడుతున్నాను. చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ పనివాళ్లు వాడే సన్న పట్టకారు దీనికి బాగా పనికొస్తుంది.

అలా కడుతున్న కొలువు 1864 నాటి బందరు రేవుది. ఆ ఏడాది నవంబరు 1 రాత్రి తుఫానుకు సముద్రం ఊరి మీదికి వచ్చింది. సుమారు ముప్పై వేల మంది పోయారు. దొరల సమాధుల మీద పేర్లూ తేదీలూ ఉన్నాయి. ఆ ముప్పై వేల మందిలో ఎందరి పేర్లు మనకు తెలుసు? వాళ్లు ఏ రంగు బట్ట కట్టారో చెప్పేవాళ్లు ఎవరున్నారు?

చిత్రంగా, కొంత ఆధారం దొరికింది. 1866లో ఫోర్బ్స్ వాట్సన్ అనే ఆయన మన దేశపు బట్టలను ముక్కలుగా కత్తిరించి 700 నమూనాలతో 18 సంపుటాలు తయారుచేయించాడు. మద్రాసు ప్రెసిడెన్సీ నేతలూ అందులో ఉన్నాయి. మనవాళ్లు ఏం కడతారో చూసి ఇంగ్లండు మిల్లులు అలాంటివే నేసి మనకు అమ్ముకోవాలన్నది దాని ఉద్దేశం. మన నేతగాడి పొట్ట కొట్టడానికి దాచిన ముక్కలే ఇవాళ మన అవ్వల చీర రంగులకు సాక్ష్యం. నా బొమ్మల అంచుల రంగులు ఎక్కువగా వాటి ఫోటోలు చూసి వేసినవే.

ఇప్పుడు మీతో నా పని ఏమిటో చెబుతాను.

1864కు సాక్షులు లేరు. 1977కు ఉన్నారు, ఈ హాల్లోనే ఉన్నారు. ఆ నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నేను మూడో తరగతి. ఆ ఏడు బడి తెరిచాక ఖాళీగా ఉండిపోయిన చోట్లు నా వయసు వాళ్లకు తెలుసు. పత్రికల్లో వచ్చిన ఫోటోలు దాదాపు అన్నీ నలుపూ తెలుపే, అన్నీ తుఫాను తర్వాతవే. అంతకు ముందురోజు ఊరు ఎలా ఉందో ఎవరూ ఫోటో తీయలేదు. ఎందుకు తీస్తారు, అది మామూలు రోజు.

నా తర్వాతి కొలువు ఆ మామూలు రోజుది. కోడూరు, నాగాయలంక వైపు ఒక పల్లె, ఒక సాయంత్రం. శవాలు ఉండవు, కూలిన ఇళ్లు ఉండవు. బావి దగ్గర ఆడవాళ్లు, వల బాగుచేసుకునే మనిషి, బడి నుంచి వస్తున్న పిల్లలు. పక్కన ఒక సన్న కర్ర నిలబెట్టి, దానికి 156 మిల్లీమీటర్ల ఎత్తున నీలం దారం కడతాను. ఆ రాత్రి సుమారు అయిదు మీటర్లు లేచిన నీరు ఈ లెక్కలో అంత ఎత్తు. బొమ్మ మనిషికి అది దాదాపు మూడు నిలువులు. చూసే పిల్లలకు ఇక ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

దానికి రంగులు మీరే చెప్పాలి. మీ పడవ తెరచాప ఏ రంగుది? మీ అమ్మ రోజూ కట్టే చీరకు అంచు ఏమిటి? ఇంటి గోడకు సున్నమా, ఎర్రమన్నా? మీ చెల్లెలి గౌను ఏ రంగుది? మనిషి పోయాక పేరు కొన్నాళ్లు ఉంటుంది, ముఖం ఇంకొన్నాళ్లు ఉంటుంది. అందరికన్నా ముందు రంగు పోతుంది. ఆ రంగులు తెలిసిన మన పెద్దలకు డెబ్బై దాటుతున్నాయి. నేను సిగ్గుపడుతూ అడిగితే ఇంకో పదేళ్లు పోతాయి, అందుకే మైకులో అడుగుతున్నాను.

గుమ్మం పక్క బల్ల మీద ఒక నోటుబుక్కు పెట్టాను. ఊరు పేరు, మీకు గుర్తున్న ఒక మనిషి, ఒక వస్తువు, వాటి రంగులు రాయండి. రాయలేనివాళ్లు చెబితే నేను రాసుకుంటాను. ఎవరికైనా ఆ మాట ఎత్తడం కష్టంగా ఉంటే వదిలేయండి, బలవంతం లేదు. రెండు కొలువులూ పూర్తికాగానే మన బడి గ్రంథాలయానికే ఇస్తాను. హెడ్‌మాస్టారు గారు అద్దాల బీరువా ఇస్తామన్నారు. చెదలు పట్టని బీరువా కావాలని ఈ సభాముఖంగా గుర్తుచేస్తున్నాను.

సెలవు. భోజనానికి వెళ్లేదారిలోనే ఆ బల్ల ఉంది.