వెబ్‌సైటు ఎవరి పేరున ఉంది?

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



మేము మైకు ముందుకు వస్తే వెన్న శాతం గురించో, ఆడిట్ అభ్యంతరాల గురించో మాట్లాడతామని మీకు తెలుసు. ఈసారి వెబ్‌సైట్ల గురించి మాట్లాడమన్నారు. మేము చదివింది సహకార డిప్లొమా. కంప్యూటరు ముందు కూర్చోవడం నలభై దాటిన తరువాత నేర్చుకున్నాము. అయినా ఒప్పుకున్నాము. ఎందుకంటే ఈ విషయంలో మేము ఒక తప్పు చేసి ఉన్నాము. దానివలన ఒక సంఘంలోని ఆడపడుచులు నష్టపోయారు. ముందు అది మనవి చేసుకుని, తరువాత మిగతా సంగతి చెబుతాము.

మా డివిజనులో ఒక మహిళా పాల సంఘం ఉంది. ఊరి పేరు చెప్పము. సంఘానికి పోసే పాలు పోయగా, ఇంటికి ఉంచుకున్న పాలు తోడుపెట్టి, చిలికి, నెయ్యి కాచి అమ్మేవారు పదకొండు మంది. ఊరి పిల్లలు హైదరాబాదులోను, బెంగుళూరులోను ఉద్యోగాలు చేస్తున్నారు గనుక వాళ్ల ద్వారా వాడుక పెరిగింది. వెబ్‌సైటు ఒకటి ఉంటే బాగుంటుందని 2021లో తీర్మానం రాసుకున్నారు. పట్నంలో ఒక కుర్రవాడికి 18,000 రూపాయలు ఇచ్చారు. అతడు పది రోజులలో ముచ్చటగా చేసి చూపించాడు. గేదెల బొమ్మలు, కవ్వం, నెయ్యి డబ్బాలు, ధరలు, ఆర్డరు పెట్టే చోటు అన్నీ ఉన్నాయి. ఆ చిరునామాను డబ్బాల మీద కూడా అచ్చు వేయించారు.

ఆ ఏడు తనిఖీకి వెళ్లింది మేమే. తీర్మానం ఉంది, మూడు కొటేషన్లు ఉన్నాయి, వోచరు ఉంది, రసీదు ఉంది. టిక్కు పెట్టి వచ్చాము. గేదె కొంటే చెవి ట్యాగు నంబరు సరిచూడకుండా వోచరు వదలని వాళ్లము, ఈ కొన్న వస్తువు ఎవరి పేరున ఉన్నదో అడగలేదు.

2023లో ఒకనాడు ఆ వెబ్‌సైటు తెరుచుకోలేదు. కుర్రవాడి ఫోను పలకలేదు. విచారిస్తే తేలిందేమంటే, వెబ్‌సైటు పేరు కొన్నది అతడి సొంత ఈమెయిలు మీద. వెబ్‌సైటు తయారుచేసే కంపెనీలో ఖాతా కూడా అతడి పేరనే. గడువు తీరుతున్నదని వచ్చిన జాబులన్నీ అతడికే పోయాయి. సంఘం తరఫున కంపెనీకి రాస్తే, ఖాతాదారుతో తప్ప ఇంకెవరితోను మాట్లాడమని జవాబు వచ్చింది. వారి నియమం వారిది, తప్పు పట్టలేము. మనం పాసుపుస్తకం లేనివాడికి పాల బిల్లు ఇస్తామా?

కొన్ని నెలలకు ఆ పేరును ఎవరో కొనుక్కున్నారు. ప్రెసిడెంటమ్మ మా ఆఫీసుకు వచ్చి, "మా డబ్బా మీది పేరు చూసి మా వియ్యంకుడు ఫోనులో కొడితే పేకాట వచ్చింది సార్" అన్నది. మేము తల ఎత్తలేకపోయాము. మిగిలిన డబ్బాల మీద కాగితాలు అంటించారు. అంతకన్నా పెద్ద నష్టం, రెండేళ్లుగా కొన్నవారి పేర్లు, ఫోను నంబర్లు ఆ ఖాతాలోనే ఉండిపోయాయి. ఎవరు కొంటున్నారో తెలియని అంగడి అయింది వారిది.

కావున, ఏ కంపెనీ మంచిదని అడిగే ముందు ఈ సంగతి గట్టిగా పట్టుకోవాలి. వెబ్‌సైటు అనేది ఒక్క వస్తువు కాదు. పేరు ఒకటి, దానిని డొమైన్ అంటారు. ఆ పేరు కింద కనిపించే పుటలు ఇంకొకటి. ఆ పుటలలో మనం పెట్టిన ఫొటోలు, రాతలు, కొనుగోలుదారుల జాబితా మూడవది. పుటలు ఈ కంపెనీ దగ్గర ఉండవచ్చు, రేపు మరో కంపెనీకి మారవచ్చు. పేరు, జాబితా మాత్రం మన చేతిలో ఉండాలి. పాలు ఏ లారీలో వెళితేనేమి, క్యాను మీద సంఘం నంబరు ఉండాలి గదా.

పేరును వెబ్‌సైటు కట్టే కంపెనీ దగ్గర కాకుండా విడిగా, పేర్లు అమ్మే రిజిస్ట్రారు దగ్గర, సంఘం ఈమెయిలుతో కొనడం మంచిదని మా అభిప్రాయం. వెబ్‌సైటు కట్టే కంపెనీలు "పేరు మొదటి ఏడాది ఉచితం" అంటాయి. రెండవ ఏడాది ధర ఎంతో ముందే అడగండి. మొదటి ఏడాది తగ్గింపు చూసి మురిసి, రెండవ ఏడాది బిల్లు చూసి అదిరిపడినవారు చాలామంది ఉన్నారు. మన దేశపు పేర్లు .ఇన్ తో ముగుస్తాయి. వాటిని నిర్వహించే సంస్థ పేరు నిక్సీ. తెలుగు లిపిలోనే .భారత్ అని ముగిసే పేర్లు కూడా ఉన్నాయి. సహకార సంఘాలకు మాత్రమే ఇచ్చే .కోప్ అనే పేరు 2000లో ఆమోదం పొందింది. ఖరీదు .ఇన్ కన్నా ఎక్కువే. కాని ప్రైవేటు వ్యాపారి ఎంత డబ్బు పెట్టినా దొరకని పేరు అది. స్తోమత ఉన్న సంఘాలు ఆలోచించదగినది.

ఇక వెబ్‌సైటు బిల్డర్లు. పూర్వం వెబ్‌సైటు కావాలంటే ప్రోగ్రాములు రాసేవారు కావలసి వచ్చేది. ఇప్పుడు తయారుగా ఉన్న నమూనా ఒకటి ఎంచుకుని, అందులో మన ఫొటోలు, మన రాతలు పెట్టుకోవడమే. విక్స్, స్క్వేర్‌స్పేస్, షాపిఫై ఈ రకం. సామాను సహా అద్దెకిచ్చిన ఇల్లు లాంటివి. మంచం, ఫ్యాను, బల్బు అన్నీ ఉంటాయి, రిపేర్లు వారే చూసుకుంటారు. కాని ఖాళీ చేసిననాడు గోడలు మోసుకుపోలేము. విక్స్‌లో కట్టిన వెబ్‌సైటును ఉన్నది ఉన్నట్లుగా మరొక చోటికి మార్చుకునే వీలు లేదు. విక్స్ ఉచితంగానూ ఇస్తుంది, అయితే అందులో వారి ప్రకటన ఉంటుంది, చిరునామాలో వారి పేరు ఉంటుంది, మనం కొన్న పేరును దానికి తగిలించుకోనివ్వరు. షాపిఫై అంగళ్లకే పుట్టినది. సరుకుల పట్టిక, కొన్నవారి జాబితా, ఆర్డర్ల లెక్క దించి మన దగ్గర దాచుకోవచ్చు. ఇన్‌స్పెక్టరు కళ్లకు అది పెద్ద గుణం. కాని నెలనెలా అద్దె ఉంటుంది. కార్డు మీద వచ్చే సొమ్ముకు పేమెంటు కంపెనీ తీసుకునే కోత కాక, షాపిఫై తన రుసుము వేరే తీసుకుంటుంది. నెలకు ఐదారు డబ్బాలు అమ్మేవారికి ఆ అద్దెలో లాభం కరిగిపోతుంది.

వర్డ్‌ప్రెస్ సొంత ఇల్లు. 2003లో మొదలైనది. ప్రపంచంలో ఉన్న వెబ్‌సైట్లలో నూటికి 40కి పైగా దాని మీదనే నడుస్తున్నాయి. ఉచితంగా ఎవరైనా వాడుకోవచ్చు, నచ్చని హోస్టింగు కంపెనీని వదిలి మూటాముల్లె కట్టుకుని మరొక దగ్గరకు పోవచ్చు. వూకామర్స్ అనేది జోడిస్తే అంగడి కూడా అవుతుంది. కాని సొంత ఇల్లు గనుక కప్పు కారితే మనమే చూసుకోవాలి. ఎప్పటికప్పుడు అప్‌డేట్లు వేయకపోతే దొంగలు చొరబడతారు. చూసేవాడు లేని వర్డ్‌ప్రెస్ కన్నా అద్దె ఇల్లు మేలు. ఒక చిన్న చిక్కు కూడా ఉంది. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ అనేది ఒక కంపెనీ నడిపే అద్దె ఇల్లే. మేము చెప్పే ఉచిత సాఫ్ట్‌వేరు వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్‌లో దొరుకుతుంది. రెండూ ఒకటే అనుకుని మేమే ఒకసారి ఒక కార్యదర్శికి తప్పు సలహా ఇచ్చాము. (నవ్వులు)

పోయిన తరగతిలో ఒక సభ్యురాలు అడిగింది, తమ అమ్మాయి జాకెట్లకు మగ్గం పని చేస్తుందని, ఆ పనితనం చూపించుకోవడానికి ఏది మంచిదని. అమ్మా, చూపించడానికే అయితే డబ్బు పెట్టనవసరం లేదు. గూగుల్ సైట్స్ ఉచితం. ఆర్డరు తీసుకునే బండి, బుట్ట అందులో లేవు, ఫొటోలు పెట్టి కింద ఫోను నంబరు ఇస్తే చాలు. తరువాత సొంత పేరు కొన్నా దానికి తగిలించుకోవచ్చు. పని ఫొటోలు ఇరవై మంచివి చాలు, రెండు వందలు పెడితే ఎవరూ చూడరు. అసలు ఫొటోలు మాత్రం వేరే దాచుకోమనండి.

ఎందుకంటే ఉచితంగా ఇచ్చినవారు ఉచితంగానే తీసేస్తారు. గూగుల్ వారు చిన్న వ్యాపారులకు బిజినెస్ ప్రొఫైలుతో పాటు ఉచితంగా ఒక చిన్న వెబ్‌సైటు ఇచ్చేవారు. 2024 మార్చిలో వాటన్నిటినీ మూసివేశారు. దానిమీదనే ఆధారపడిన అంగళ్లవారు మళ్లీ మొదటి నుంచి కట్టుకోవలసి వచ్చింది. జియోసిటీస్ అని ఒకప్పుడు లక్షల మంది పుటలు ఉన్న చోటును 2009లో యాహూ మూసింది. సొంత పేరు ఉన్నవారికి ఇల్లు మారినా చిరునామా మారదు. లేనివారికి రెండూ పోతాయి.

తెలుగు విషయం ఒకటి చెప్పాలి. కరపత్రాలు వేసే డీటీపీ షాపులో టైపు చేసిన తెలుగును తీసుకెళ్లి వెబ్‌సైటులో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. ఆ అక్షరాలు ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులోనే చదవబడతాయి. వెబ్‌సైటుకు యూనికోడ్ తెలుగు కావాలి. మన ఫోనులో టైపు చేసేది అదే. కొన్ని నమూనాలలోని అందమైన ఫాంట్లకు తెలుగు అక్షరాలే ఉండవు. అందుకని డబ్బు కట్టక ముందే, ఉచిత గడువులోనే, "లక్ష్మీ", "స్త్రీ", "నెయ్యి", "మజ్జిగ" అని రాసి చూడండి. ఒత్తులు విడిపోయినా, డబ్బాలు కనిపించినా ఫాంటు మార్చాలి. మండలి, నోటో సాన్స్ తెలుగు వంటివి ఉచితంగా దొరుకుతాయి. చూసేది కూడా ఆఫీసు కంప్యూటరులో కాదు. సాయంత్రం పాలకేంద్రం అరుగు మీద కూర్చుని, మామూలు ఫోనులో తెరిచి చూడండి. సిగ్నలు అంతంతగా ఉన్న వేళ అది తెరుచుకోకపోతే ఫొటోలు మరీ బరువైనవని అర్థం.

నెయ్యి అమ్మేవారు ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. వారి 14 అంకెల నంబరు వెబ్‌సైటులోనూ, డబ్బా మీదనూ చూపాలి. అది లేకుండా ఎంత మంచి బిల్డరు తీసుకున్నా వ్యాపారానికి నిలకడ లేదు. ఇక సంఘానికి పోయవలసిన పాలు ఆపి నెయ్యికి మళ్లిస్తే ఏమవుతుందో బైలాలో ఉంది, అది మరొక ప్రసంగం.

చివరగా డబ్బు కట్టే పద్ధతి. కార్డు మీద ఏటేటా తనంతట తానే కోసుకునే ఏర్పాటు పెట్టామని నిశ్చింతగా ఉండకండి. 2021 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నియమాలు మారాయి. ఇలాంటి కోతకు 24 గంటల ముందు సందేశం రావాలి, 15,000 రూపాయలు దాటితే ప్రతిసారి మనం ఓటీపీ ఇవ్వాలి. ఏడాదికి ఒకసారి వచ్చే ఆ సందేశం ఎవరి ఫోనుకు వస్తుంది? రిటైరైన కార్యదర్శి సిమ్ముకు వస్తే గడువు దాటిన సంగతి ఎవరికీ తెలియదు. గడువు దాటిన పేరుకు కొద్దిరోజుల వెసులుబాటు ఉంటుంది, తరువాత జరిమానా, ఆ తరువాత అది ఎవరిదైనా కావచ్చు.

అందుచేత మేము ఇప్పుడు ఏ సంఘానికి తనిఖీకి వెళ్లినా, వోచరు చూడక ముందు ఖాతా తెరిచి చూపమంటున్నాము. డొమైన్ సంఘం పేరున ఉన్నదా, ఈమెయిలు సంఘానిదా, ఫోను నంబరు సంఘానిదా అని చూస్తున్నాము. పాస్‌వర్డు సీలు వేసిన కవరులో వాటాల రిజిస్టరుతో పాటు బీరువాలో ఉండాలి. కార్యదర్శి మారినప్పుడు చార్జి లిస్టులో లాక్టోమీటరు, క్యాన్లు రాసినట్లే దీనినీ రాయాలి. ఆరు నెలలకొకసారి కొన్నవారి జాబితా దించి కాగితం మీద తీసి ఫైలులో పెట్టాలి. కొందరు కార్యదర్శులు విసుక్కుంటున్నారు. విసుక్కోనివ్వండి.

ఆ మహిళా సంఘం వారు పోయిన ఏడాది వేరే పేరు కొన్నారు, ఈసారి సంఘం ఈమెయిలు మీదనే. మొదట గూగుల్ సైట్స్‌లో నాలుగు పుటలు పెట్టి, ఆర్డర్లు వాట్సాప్‌లో తీసుకుంటున్నారు. సొమ్ము సంఘం క్యూఆర్ మీద వస్తున్నది. పాత వాడుకదార్లలో సగం మందిని కూడా వెతికి పట్టుకోలేకపోయారు. ఆర్డర్లు పెరిగితే అంగడి వెబ్‌సైటు సంగతి చూద్దామని అనుకుంటున్నారు, తొందర లేదన్నాము.

భోజనాల తరువాత పక్క గదిలో కూర్చుంటాము. ఇప్పటికే వెబ్‌సైటు చేయించుకున్న సంఘాలవారు రసీదు, దానిని చేసినవారి ఫోను నంబరు పట్టుకుని రండి. పేరు ఎవరి మీద ఉన్నదో ఇక్కడే చూద్దాము. పరాయివారి పేరున ఉంటే, ఆ మనిషి ఫోను ఇంకా పలుకుతుండగానే ఈరోజే మాట్లాడి, బదిలీ కోడ్ అడిగి తీసుకోవలసి ఉంటుంది.