మొన్నటిది ఏమైంది?

(హన్మకొండలో విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో ఒక రిటైర్డ్ అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)



అయిదు గంటలకు సభ అని కరపత్రంల రాసినం. ఇప్పుడు టైం ఆరున్నర. వంద కుర్చీలు వేసినం, నిండినయి ముప్పై. ఆ ముప్పైల నాకు తెల్వని మొఖాలు నాలుగో అయిదో ఉన్నయి. మిగతా మనమంతా ఒకరి సభకు ఇంకొకరం పోయేటోళ్లమే. ఇయ్యాల నాకు మీరు చప్పట్లు కొడుతరు, రేపు మీకు నేను కొడుత. దీనికే ప్రజా ఉద్యమమని పేరు పెట్టుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే.

నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు జనంల చైతన్యం చచ్చిపోయిందన్నరు. పథకాలకు లొంగిపోయిన్రు, ఫోన్లల్ల తలకాయలు పెట్టిన్రు అని కోపం చేసిన్రు. ఆ కోపం నాకు గూడ ఉన్నది. గోడలకు పోస్టర్లు అంటించి, చేతులకు మైదా అంటుకోని అర్ధరాత్రి ఇంటికి పోయినోనికే ఆ కోపం తెలుస్తది. కాని ఆ మాట నిజమేనా అని ఒక్కసారి ఆలోచిద్దాం.

ఇదే జనం 2011ల ఏం చేసిన్రు? సెప్టెంబర్ 13న మొదలైన సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. ఆఫీసులు ఆగినయి, బడులు ఆగినయి, బొగ్గుబాయిలు ఆగినయి, బస్సులు ఆగినయి. రోడ్ల మీదనే వండుకోని తిన్నరు. వృత్తులోళ్లు తమ పనిముట్లు పట్టుకోని రోడ్డెక్కిన్రు. జీతం లేక దసరా, జీతం లేక బతుకమ్మ. వాళ్లను ఎవరు బతిమిలాడిన్రు? ఆ జనమే ఇప్పుడు చైతన్యం లేని జనమైన్రా?

ఉద్యోగ మిత్రులు ఏమనుకోవద్దు, ఒక మాట అడుగుత. 2011ల మన కోసం బస్సులు ఆపిన ఆర్టీసీ కార్మికులు 2019 అక్టోబర్ 5న తమ కోసం సమ్మెకు దిగిన్రు. దాదాపు 48 వేల మంది, 52 రోజులు. తమంతట తామే ఉద్యోగాలు పోగొట్టుకున్నరని సర్కారు అన్నది. కొందరు ప్రాణాలు తీసుకున్నరు. అక్టోబర్ 19న ఒకరోజు బంద్ అయింది. మనం సంఘీభావ ప్రకటనలు ఇచ్చినం, పేపర్ల వచ్చినయా లేదా అని చూసుకున్నం. ఆఫీసులల్ల పెన్నులు మాత్రం కింద పెట్టలె. నిర్లిప్తత గల్లీల ఉన్నోనిదే అయితే, ఆ 52 రోజులు మనం చేసినదానికి ఏం పేరు పెట్టాలె?

మొన్న చాయ్ హోటల్ కాడ కరపత్రం ఇస్తే హోటలాయన చింపలె, ఎగతాళి చెయ్యలె. చదివి, మడతపెట్టి గల్లాపెట్టెల పెట్టుకున్నడు. ‘సార్, మల్ల ధర్నానా? మరి మొన్నటిది ఏమైంది?’ అన్నడు. నాకు జవాబు రాలె. ముప్పై ఏండ్లు పాఠాలు చెప్పినోన్ని, ఆ ఒక్క ప్రశ్నకు నోరు పెగల్లె.

మొన్నటిది ఏమైందో నా అనుభవమే ఒకటి చెప్త. కొన్నేండ్ల కింద ఒక ఆడపిల్లల హాస్టల్ల పురుగుల అన్నం పెడుతున్నరని పిల్లలే వచ్చి మాకు చెప్పిన్రు. మేం పోయినం. వినతిపత్రం రాసి పిల్లలతోని సంతకాలు పెట్టించినం. ఆఫీసు ముంగట రెండు గంటలు కూసున్నం. అధికారి బయటికొచ్చి వారం రోజులల్ల చూస్త అన్నడు. ఫొటో దిగినం. తెల్లారి జిల్లా పేజీల వచ్చింది. ఆ పేపర్ ముక్క ఇంకా నా ఫైల్ల ఉన్నది. ఎనిమిదో రోజు హాస్టల్‌కు పోయినోళ్లు మాల ఒక్కరు గూడ లేరు. అప్పటికే ఇంకో సమస్య వచ్చింది, ఇంకో రౌండ్ టేబుల్ వచ్చింది.

చాన్నాళ్లకు బస్టాండ్ల ఒక పిల్ల నన్ను గుర్తుపట్టి నమస్తే పెట్టింది. ‘సంతకాలు పెట్టినోళ్లందరి ఇండ్లకు ఫోన్లు చేసిన్రు సార్. మా నాయిన వచ్చి నన్ను తీస్కపోయిండు. ఏడాది చదువు పోయింది. అన్నం మాత్రం గట్లనే ఉన్నదట’ అన్నది. కోపంగ గూడ అనలె. బస్సొస్తే ఎక్కి పోయింది.

ఆ పిల్ల ఇయ్యాల ఈ సభకు రాకపోతే నిర్లిప్తత అందమా? ఆ పిల్ల తండ్రి తన ఊర్ల మన గురించి ఏం చెప్తడు? మన మీద ముద్ర ఎట్ల పడ్డదో తెల్వాల్నంటే దూరం పోవుడు అవసరం లేదు.

ముద్ర పూర్తిగ మన తప్పే అని నేను అంటలేను. సగం సర్కార్లు వేసినయి. 2005ల విరసం మీద నిషేధం పెట్టిన్రు. సొంత రాష్ట్రం వచ్చినంక 2021ల 16 ప్రజాసంఘాలను నిషేధించి, కొన్ని నెలలకు వాపసు తీసుకున్నరు. 2018 నుంచి ‘అర్బన్ నక్సల్’ అనే కొత్త పేరు తెచ్చిన్రు. ఎఫ్ఐఆర్ల పేరుంటే నౌకరీ వెరిఫికేషన్ల అడ్డం పడ్తదని తండ్రి భయపడుతడు. ఆ భయం వట్టిది గాదు, అందుకే దాన్ని ఎక్కిరించొద్దు. కేసైతే వకీలు ఎవరు, జామీను ఎవరు, ఖర్చు ఎవరిది అన్నది పిల్లలను పిలిచే ముందే మనం చెప్పాలె.

మిగతా సగం మనం వేసుకున్నదే. చందా పుస్తకం పట్టుకోని పోతం గని లెక్క పట్టుకోని మల్ల పోం. రాజ్యం, భావజాలం, ఆధిపత్యం అని మాట్లాడుతం. ఆ మాటలు తప్పు గాదు. కాని హాస్టల్ పిల్ల తండ్రికి ‘నీ బిడ్డ పేరు మీద వచ్చిన బియ్యం ఎటు పోతున్నయి’ అంటే అర్థమైతది. సాయంత్రం ఏడింటికి సభ పెట్టి ఆడోళ్లు రాలేదంటం. వచ్చిన ఒక్క కొత్త పిలగాన్ని ‘నువ్వు ఏ గ్రూపు?’ అని అడుగుతం. ఆ పిలగాడు రెండోసారి ఎందుకొస్తడు?

నెల్లూరు జిల్లా దూబగుంటల 1992ల సారా మీద తిరగబడ్డ ఆడోళ్లు మన పుస్తకాలు చదివినోళ్లు గాదు. అక్షరాస్యత తరగతులల్ల కూసున్నోళ్లు. సారాకు వ్యతిరేకంగ విప్లవ సంఘాలు అంతకుముందే కొట్లాడినయి. కాని తన ఇంట్ల కూలి పైసలు ఎట్ల పోతున్నయో ఆడమనిషి తన నోటితోని చెప్పినంకనే అది జిల్లాలు దాటింది. 1993 అక్టోబర్ 1 నుంచి సర్కారుకు సారా బంద్ పెట్టక తప్పలె. సభ ఒక్కనాటిది. తరగతి మల్ల మల్ల కూడేది. మల్ల మల్ల కూడినోళ్లకే ఒకరి మీద ఒకరికి నమ్మకం కుదురుతది.

మన కాకతీయ యూనివర్సిటీల లెక్కలు చెప్పిన బాలగోపాల్‌ను యాది చేసుకుందాం. ఊరికి పోయి, విని, నిజం తేల్చి రాసిండు. రాజ్యం చేసిన హత్యలను ప్రశ్నించిండు, ఉద్యమకారుల హింసనూ ప్రశ్నించిండు. దాని వల్ల సొంతోళ్లతోని మాటలు పడ్డడు. 1998ల మానవ హక్కుల వేదిక పెట్టిండు. 2009 అక్టోబర్ 8న పోయిండు. ఆయనతోని ఏకీభవించనోళ్లు గూడ ఆయన రాసిన నివేదికను నమ్మిన్రు. ఆ నమ్మకం పోస్టర్లతోని వచ్చింది గాదు.

అందుకే కొత్త కార్యక్రమం ప్రకటించుడు కొన్నాళ్లు ఆపుదాం. గడిచిన రెండేండ్లల్ల మనం ఇచ్చిన వినతిపత్రాలన్నీ ఒక నోటుబుక్కుల రాద్దాం. ఏ తారీఖు, ఎవరికి ఇచ్చినం, ఏం చెప్పిన్రు, ఏమైంది. కానిది కాలేదని రాద్దాం. ఒక్కొక్కదానికి ఇద్దరు పూచీ పడాలె. సంతకం పెట్టినోళ్ల ఇండ్లకు పోయి ఆ లెక్క చెప్పాలె. చందా లెక్క గూడ గోడకు అంటియ్యాలె. వాళ్లు తిడితే పడాలె. సభ అయిదింటికంటే అయిదింటికే మొదలు పెట్టాలె, పది మంది ఉన్నా సరే.

ఇది విప్లవంలెక్క కనబడదు. పేపర్ల ఫొటో గూడ రాదు. అయితే రేపు ఇంకో పిల్ల మన కాగితం మీద సంతకం పెడితే, ఎనిమిదో రోజు మనం ఆ హాస్టల్ గేటు కాడ ఉండాలె. లేకపోతే సంతకం అడిగే హక్కు మనకు లేదు.

సోమవారం పొద్దున పది గంటలకు నేను ఆ పాత హాస్టల్‌కే పోతున్న. అక్కడ ఇప్పుడు ఏం పెడుతున్నరో చూడాలె. ఆ పిల్ల ఊరు గూడ కనుక్కుంట, ఆ తండ్రి ముంగట నిలబడి మా తప్పు ఒప్పుకుంట. వచ్చేటోళ్లు రాండ్రి. బ్యానర్ తేవొద్దు. నోటుబుక్కు తీసుకోని రాండ్రి.