ఎక్కుడు దారిలో మనస్సు చేయు సాయము

(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ఉపన్యాసము)

 

ఏటేట ఈ సభలో క్రమశిక్షణ, కాలపాలన మొదలగు విషయములను గూర్చి చెప్పుట మాకు అలవాటు. ఓపికతో వినుట మీకును అలవాటే. ఈ పర్యాయము సైకిలును గూర్చి మాటాడదలచితిమి. మీలో పలువురు సైకిలు మీదనే బడికి వచ్చుచున్నారు. ఎదురుగాలిలోనో, మిట్టపైకో తొక్కవలసి వచ్చినపుడు కాళ్లకంటె ముందు మనస్సే "ఇక చాలు" అనుట మీరెరుగనిది కాదు. అట్టి సమయమున సైకిలు పందెగాండ్రు మనస్సును ఏ ఉపాయములతో ముందుకు నడిపింతురో అదియే నేటి మా ప్రసంగ విషయము.

ముందుగా మా అనుభవము. ఉద్యోగమున చేరిన కొత్తలో మేము సేలమునుండి ఏర్కాడు కొండకు సైకిలు మీద బయలుదేరితిమి. ఆ ఘాటు రోడ్డులో 20 హెయిర్‌పిన్ వంపులు కలవు. మా వెంట డ్రిల్లు మాస్టరుగారుండిరి. ఆయన వయస్సున మాకంటె పెద్ద, ఒంటికి బక్కపలుచన. సైకిళ్లు రెండును గేర్లు లేనివే. మేము ఉత్సాహముతో మొదటి వంపులను వడిగా దాటి, మాటిమాటికి తలయెత్తి శిఖరమును చూచుచుంటిమి. చూచిన కొలది కొండ పెరిగినట్లు తోచెను. ఏడవ వంపు కడ దిగి, పిట్టగోడ మీద కూలబడితిమి. ఆయన నెమ్మదిగా తొక్కుచు వచ్చి, మమ్ము దాటిపోవుచు, "అయ్యవారూ, కొండను చూడకండి. చక్రం ముందు పది గజాలు చూడండి చాలు. పది తొక్కులు లెక్కపెట్టి, మళ్లీ ఒకటినుంచి మొదలుపెట్టండి" అనిరి. ఆ మాట వినుటకు మా అభిమానము అడ్డువచ్చెను. ఆయన పైకి చేరిరి. మేము అక్కడినుండియే దిగివచ్చితిమి.

ఆయన చెప్పినది సామాన్యమైన ఉపాయము కాదని తరువాత చదివి తెలిసికొంటిమి. ఫ్రాన్సు దేశమున ఆల్ప్ దూయెజ్ అను కొండదారి కలదు. 1952లో 'టూర్ డి ఫ్రాన్స్' పందెము తొలిసారి ఆ దారి నెక్కగా, ఇటలీ దేశీయుడు ఫౌస్టో కొప్పి ఆనాడు అక్కడ గెలిచెను. ఆ ఎక్కుడు సుమారు 14 కిలోమీటర్లు. 100 మీటర్లు సాగిన, సగటున 8 మీటర్లు పైకి లేచును. దారిలోని 21 వంపులకును సంఖ్యలు వేసిన పలకలు కలవు. విశేషమేమన, అడుగుననున్న వంపు 21, శిఖరము చేరువనున్నది 1. ఒక్కొక్క వంపు దాటినపుడు మిగిలినవానిలో ఒకటి తరుగును. పెద్ద కొండ ఇరువదియొక్క చిన్న పనులుగా విడిపోవును. మా డ్రిల్లు మాస్టరుగారి పది తొక్కుల లెక్కయు ఇట్టిదే.

రెండవ ఉపాయము తనతో తాను మాటాడుకొనుట. జర్మనీ పందెగాడు యెన్స్ ఫోయిట్ నొప్పిపెట్టు తన కాళ్లను నోరు మూసికొమ్మని గదమాయించుటకు ప్రసిద్ధి కెక్కెను. ఇది నవ్వులాట కాదు. 2014లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో 24 మందిచేత, కదలక నిలిచియుండు సైకిలుపై, అలసి ఆగిపోవువరకు తొక్కించిరి. పిదప వారిలో కొందరికి తమకు తాము ధైర్యము చెప్పుకొను మాటలను ఎన్నుకొని పలుకుట నేర్పిరి. రెండు వారముల తరువాత మరల తొక్కించగా, నేర్చినవారు మునుపటికంటె నూటికి 18 వంతుల ఎక్కువ కాలము నిలిచిరి. నేర్వనివారిలో చెప్పదగిన మార్పు లేదు. కాళ్లు అవే, సైకిలు అదే. మారినది లోపలి మాట.

దీనికి మారుగా 2009లో మరియొక పరిశోధన వెలువడెను. 90 నిమిషములు మెదడుకు గట్టి పని పెట్టిన పిమ్మట తొక్కిన 16 మంది, విశ్రాంతిగా తొక్కిన నాటికంటె ముందుగా ఆగిపోయిరి. వారి గుండె పనిలో లోపము కానరాలేదు. పని కష్టమను భావము మాత్రము హెచ్చెను. అలసిన మనస్సునకు ప్రతి మిట్టయు కొండయే. పరీక్షకు ముందురాత్రి తెల్లవారులు మేలుకొను పిల్లలు ఈ మాట గుర్తుంచుకొనవలెను.

అయితే ఈ ఉపాయములకొక హద్దు కలదు. బ్రిటనుకు చెందిన టామ్ సింప్సన్ 1965లో ప్రపంచ విజేత. 1967 జూలై 13న ఫ్రాన్సులోని మోన్ వాంటూ కొండ నెక్కుచు, శిఖరము చేరువలో సైకిలుపైనుండి పడి, 29 ఏండ్ల వయస్సుననే మరణించెను. మండుటెండ, మితిమీరిన శ్రమ, వానికి తోడు ఉత్తేజక ఔషధము, మద్యము ఆ ప్రాణమును బలిగొన్నవి. మనస్సుకు ధైర్యము చెప్పుట వేరు, శరీరము చేయు హెచ్చరిక వినబడకుండ మందుతో కప్పిపెట్టుట వేరు. కాళ్లు మండినచో పది తొక్కులు లెక్కింపుడు. తల తిరిగినను, రొమ్మున నొప్పి పుట్టినను వెంటనే దిగి నీడకు పొండు, తోడివారిని పిలువుడు. అట్లు దిగుట అవమానము కాదు. ఈ రెండింటికిగల భేదము తెలియుటయే నిజమైన నేర్పు.

మరుసటి యేడు మేము తిరిగి ఏర్కాడుకు పోతిమి. డ్రిల్లు మాస్టరుగారిని మేమే బ్రతిమాలి వెంట తీసికొనిపోతిమి. మొదట వడి తగ్గించితిమి, హ్యాండిలు మీది బిగిపట్టు సడలించితిమి, పది పదిగా లెక్కించితిమి. రెండు వంపులలో దిగి సైకిలును నడిపించుకొనిపోయిన మాట దాచము. అయినను ఇరువదవ వంపును దాటితిమి.

బాలలారా! ఇంట మాతృభాష, వీథిలో రాష్ట్రభాష, పుస్తకములలో ఆంగ్లము — ఈ మూడింటిని నేర్వవలసిన మీ దారి ఇతర బాలుర దారికంటె కొంత ఎక్కుడుగానే యుండును. ఇది మేమెరుగుదుము. సంవత్సరమంతటి పాఠమును ఒక్కమారు తలయెత్తి చూచి బెదరకుడు. నేటి పుటను చూడుడు. అది ముగిసినచో మిగిలినవానిలో ఒకటి తరుగును. మిమ్ము దాటిపోవువారు మంచిమాట చెప్పినపుడు, మావలె అభిమానపడి ఒక యేడు పోగొట్టుకొనకుడు.

మీరందరును మీమీ వంపులను క్షేమముగా దాటుదురుగాక యని ఆశీర్వదించుచు, సెలవు తీసికొనుచున్నాము.