బట్టకును పత్తికిని ముడిపడిన తగవు



బయటి దేశమునుండి వచ్చు సరకు వెలలో ఐదవ పాలు సుంకముగా గొనవలయునని అర్థశాస్త్రమున కౌటిల్యుడు విధించెను. ప్రజకు మహోపకారము చేయు వస్తువును, దుర్లభమగు విత్తనమును మాత్రము సుంకము లేకయే రానిమ్మనెను. సుంకము బొక్కసము నింపుటకే కాదని ఆ మహానుభావు డెరుగును. ఒక యింటికి కాపైన సుంకమే వేరొక యింటికి చేటగుట 1933వ సంవత్సరమున హిందూదేశమునకును జపానునకును పొడమిన తగవులో కాననగును.

1931 డిసెంబరులో జపాను బంగారు ప్రమాణమును విడిచెను. యెన్ విలువ పడిపోవుటచే జపాను మిల్లుల బట్ట హిందూదేశపు రేవులలో మిక్కిలి చౌకగా దిగసాగెను. బొంబాయి మిల్లు యజమానులు మొర పెట్టుకొనిరి. ప్రభుత్వము బ్రిటిషేతరమైన నూలుబట్టపై సుంకమును 1932 ఆగస్టులో నూటికి 50 వంతులకును, 1933 జూన్‌లో 75 వంతులకును పెంచెను. లాంకషైరు బట్టపై మాత్రము 25 వంతులే! ఒకే సంతలో రెండు తూకపు రాళ్లు. అప్పటి ప్రభుత్వ మెవరిదో తలచినచో దీనికి వేరు భాష్య మక్కరలేదు.

జపాను మిల్లులవారు హిందూదేశపు పత్తిని కొనుట మానివేసి బదులు చెప్పిరి. తగవు మర్మ మిచ్చటనే యున్నది. ఇచ్చటి పొట్టిపింజ పత్తికి పెద్ద గిరాకి జపాను. లాంకషైరు మిల్లులు కొనునది స్వల్పము. కావున బొంబాయి మిల్లును కాచుటకు కట్టిన గోడ నీడ పోయి పత్తిరైతు చేనిపై పడెను. ఆర్థిక మాంద్యముచే ధరలు ముందే కుంగియుండెను. కొనువాడును మొగము చాటుచేసిన రైతు శిస్తు దేనితో కట్టును? వాని యింట కట్టుటకు చౌకబట్టయు కావలెను, పండిన పత్తికి గిరాకియు కావలెను.

1933 సెప్టెంబరులో సిమ్లాయందు సంప్రదింపులు మొదలయ్యెను. జపాను పక్షమున సవాడాయు, ప్రభుత్వ పక్షమున వాణిజ్య సభ్యుడు సర్ జోసఫ్ భోరును నాయకులు. ఆ నడుమనే, అక్టోబరులో, బొంబాయి మిల్లులవారు లాంకషైరువారితో వేరుగ నొక యొడంబడిక చేసికొనిరి. రైతు పక్షమున అట్టి యొడంబడిక చేసికొనువారు లేకపోయిరి. అయినను బేరమునకు బిగువు తెచ్చినది వాని పత్తియే.

సభ ఢిల్లీకి మారి, 1934 జనవరిలో బేరము కుదిరెను. సుంకము 50 వంతులకు దిగెను. జపాను ఏటా 10 లక్షల బేళ్ల పత్తి కొనినచో 32 కోట్ల 50 లక్షల గజముల బట్ట పంపవచ్చును. పత్తి కొనుగోలు హెచ్చినకొలది బట్టయు హెచ్చును. 15 లక్షల బేళ్లు కొనినను 40 కోట్ల గజములు దాటరాదు. పత్తి తగ్గినచో బట్టయు తగ్గును. లెక్కలు వ్రాయువారికి ఈ కట్టుబాటు ముచ్చట గొలుపును: జమకును ఖర్చునకును ఒకటే ముడి! నెలల తరబడి గజములను బేళ్లను బేరమాడి తుద కీ ముడి వేసిరి. జూన్‌లో సుంకము పెంచుటకు ముందే ఈ పని చేసియున్నచో రైతునకు ఆ యేటి దిగులు తప్పెడిది.

హిందూదేశపు పత్తికిని జపాను బట్టకును సంబంధించిన ఆ పత్రముపై చేవ్రాళ్లు పడినది 1934 జులైలో, లండను నగరమున.